ఆపా వాటా గవ్వలు

మొన్న ఆదివారం మా కోడలు నన్ను పంజాగుట్టలో ఒక కాఫీ షాపుకు తీసుకుపోయింది. గుమ్మంలోనే ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించుకుని, లోపల క్యారంబోర్డులూ అష్టాచెమ్మా పటాలూ పరిచి, ముక్కూమొహం తెలియని వాళ్ళను నలుగురేసి కూర్చోబెట్టారు. కంప్యూటరు ఉద్యోగంలో తెర చూసి చూసి నిద్రకు దూరమైన పిల్లకు డాక్టరమ్మ చెప్పిన వైద్యమట ఇది. దీనికి టికెట్టు కూడా ఉందంటే నవ్వాగలేదు గానీ, గవ్వలు అరచేతిలోకి రాగానే నేను మాత్రం ఎర్రమంజిల్ క్వార్టర్ల మెట్ల మీదికి పోయాను.

మా ఆయన గుమాస్తా కొలువు పుణ్యమా అని దొరికిన క్వార్టరది. మధ్యాహ్నం గిన్నెలు కడుక్కున్నాక, నల్లా నీళ్ళు వచ్చేలోపు దొరికే కాసింత పొద్దులో మెట్ల మలుపు దగ్గర గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసుకునేవాళ్ళం. కిటికీ ఊచల్లోంచి ఎండ మెల్లగా పాకుతుండేది, ఎవరింట్లోనో రేడియో సన్నగా పాడుతుండేది, కళ్ళు సగం మూతలు పడుతున్నా చేతులు గవ్వలు వేస్తూనే ఉండేవి. నేనూ, కోస్తా నుంచి వచ్చిన కింది ఇంటి వదినా, పై ఇంటి పెద్దమ్మా, మేమంతా ఆపా అని పిలిచే ఎదురింటి ముస్లిం అక్కా. మాలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా రాలేకపోతే ఆమెను ఆటలోంచి తీసేయకూడదు, ఆమె చోటు అట్లాగే ఉంచి ఆమె వాటా గవ్వలు పక్కనున్న వాళ్ళు వేయాలి. పుట్టింటి నుంచి తిరిగొచ్చిన వాళ్ళు చేతిలో పెట్టె దించకముందే తమ కాయలేమయ్యాయని అడగడం మాకు మామూలే.

ఒక ఏడు ఆపా భర్త ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. వాళ్ళ ఆచారం ప్రకారం ఆమె ఇద్దత్‌లో కూర్చుంది, అంటే కొన్ని నెలలు గడప దాటకూడదు. అది కాదు మాకు దిగులు, ఆమె అసలు నోరు తెరవడమే మానేసింది. అన్నం పెడితే రెండు ముద్దలు, పిలిస్తే ఒక చూపు, అంతే. ఇట్లాగే ఉంటే మనిషి దక్కదని వాళ్ళ అత్తగారు మా ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె గడప దాటకూడదు గానీ మనం దాటొచ్చు కదా అంది పెద్దమ్మ. చావు జరిగిన ఇంట్లో ఆటలేంటని వదిన జంకింది, నాకూ మనసొప్పలేదు. చివరికి ఆ అత్తగారే జంపఖానా పరిచి, అట్టముక్క మీద గళ్ళు గీయించి మమ్మల్ని కూర్చోబెట్టింది.

రోజూ పోయేవాళ్ళం. ఆపా గోడ వైపు తిరిగి కూర్చునేది, ఆమె వాటా గవ్వలు వదిన వేసేది. పాపం వదినకు దేవుడు బంగారం లాంటి మనసిచ్చాడు గానీ ఆట తెలివి ఇవ్వలేదు. ఒకనాడు ఆపా కాయ ఒంటరిగా నా కాయకు ఎదురు చిక్కింది, వదిన దాన్ని పట్టించుకోకుండా ఇంకో కాయ జరపబోయింది. అప్పుడు గోడ వైపు నుంచి బొంగురు గొంతు వచ్చింది.

"గా కాయను గట్ల ఇడ్సిపెట్టకు వదినా. జర ముందటి గడిల పెట్టు."

మేమెవరమూ తలెత్తలేదు. ఎత్తితే ఆ గొంతు మళ్ళీ మూగబోతుందేమోనని భయం. వదిన కాయను ముందు గడిలో పెట్టింది. వంటింట్లో అత్తగారి ఏడుపు వినిపించింది, నేను గవ్వలు వేశాను గానీ ఏం పడిందో నా కళ్ళకు ఆనలేదు. ఆ మర్నాడు ఆపా మావైపు తిరిగి కూర్చుంది.

మన ఈడు వాళ్ళకు ఇదంతా చెప్పక్కర్లేదు, తెలిసిందే. ఇప్పుడు నేను అమీర్‌పేటలో, పిల్లలు ఊరికి ఆ చివర. అయినా అందరం ఫోన్లో ఒకే గ్రూపులో ఉన్నాం, ఎవరింట్లో ఏం కూరో కూడా తెలిసిపోతుంది. మా కోడలు నిద్ర లేక, తిండి సయించక, ఎవరితోనూ మాట్లాడలేక నలిగిపోయిన ఆ నెలలన్నిట్లోనూ ఆ గ్రూపులో రోజూ పొద్దున్నే ఆమె పెట్టిన పువ్వు బొమ్మ కనపడుతూనే ఉంది. మేమంతా తిరిగి పువ్వులు పెట్టాం.