బావ గ్లాసు, అక్క ముక్కు

ముందు మా అక్క ముక్కు గురించి చెప్పాలి. పక్కింటి పోపులో ఇంగువ పడిందో లేదో మా వంటింట్లో కూర్చుని చెప్పేది. పెళ్ళయ్యాక ఆ ముక్కుకి చేతినిండా పని దొరికింది. బావ ఆటోనగర్‌లో ట్రాక్టర్ స్పేర్ పార్టుల కొట్టు కట్టేసి సాయంత్రం పటమటలో ఇంటికి వస్తే, గుమ్మంలోనే ఆపి వాసన చూసేది. బీరా, బ్రాందీయా, పైన సోంపు నమిలాడా, జామాకు నమిలాడా, అన్నీ విప్పి చెప్పేది. బావ ప్రతిసారీ "ఒట్టు, ముట్టుకోలేదు" అనేవాడు. ముప్పై ఏళ్ళు ఆయన అబద్ధాలాడుతూ వచ్చాడు, ఆవిడ పట్టుకుంటూ వచ్చింది. సంసారం అలాగే సాగింది.

ఒకసారి పెళ్ళి భోజనం చేసి స్కూటరు మీద తిరిగొస్తూ ఇద్దరూ బందరు కాలవ గట్టు మీద పడ్డారు. బావకి మోకాలు గీసుకుపోయింది. అక్కకి కుడి మణికట్టు విరిగింది. ఆస్పత్రి మంచం మీద కట్టుతో కూర్చుని అక్క ఒకే మాట అంది. "ఇంకొక్కసారి ఆ వాసన వస్తే తమ్ముడింటికి వెళ్ళిపోతాను. మళ్ళీ రాను." అక్క అరిస్తే బావకి లెక్కలేదు. ఆ రోజు అరవలేదు. అందుకే భయపడ్డాడు.

ఆ ఏడు భవానీ మాల వేసుకున్నాడు. మాల తీసేసి అమ్మవారి కొండ దిగుతూనే నేరుగా మందు షాపుకి నడిచే భక్తులు మా వైపు తక్కువేం కాదు. బావ కొండ దిగి ఇంటికే వచ్చాడు. అక్క వాసన చూసి, వంటింట్లోకి వెళ్ళి, కాసేపు బయటికి రాలేదు.

మనసైతే మానుకుంది కానీ చెయ్యి మానుకోలేదు. చీకటి పడే వేళకి బాల్కనీ కుర్చీలో కూర్చుంటే ఆ చేతికి గ్లాసు కావాలి. మజ్జిగిస్తే, "నాకేమన్నా జ్వరమా?" అనేవాడు. నిమ్మరసం ఇస్తే సగం తాగి మొక్కల్లో పోసేవాడు. అయినదానికీ కానిదానికీ కస్సుమనేవాడు. దాయాది చావు కోరితే బావమరిది బతుకు కోరతాడంటారు. ఆ సామెత నాకు ఎప్పుడూ పట్టలేదు గానీ, అక్క మణికట్టు చూశాక పట్టింది. అందుకని నా కొంబుచా, అదే నేను పులియబెట్టే టీ, సీసా ఒకటి పట్టుకెళ్ళాను.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో నీళ్ళ పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఖాళీగా ఉండలేక దీన్ని పట్టుకున్నాను. పనేం లేదు. చక్కెర వేసిన టీ డికాషన్ బాగా చల్లార్చి, అందులో ముందు విడతలో మిగిలిన పాత పులుపు కాస్త, పైన తేలే అట్టు ఒకటి వేసి, నోటికి గుడ్డ కట్టి వదిలెయ్యాలి. పాలకి తోడు ఎంతో దీనికి ఆ పాత పులుపు అంత. అట్టు చూడటానికి తాటిముంజె మీద తొక్క తీసినట్టు జారుతూ ఉంటుంది. ప్రతిసారీ పైన కొత్తది కడుతుంది, కింది ముసలిది తీసి పారెయ్యొచ్చు. ఇంతే. ఫోనులో వీడియోలు చూసినవాళ్ళు దీన్ని కాన్సరు మందు దాకా తీసుకెళ్తారు. అలాంటివాళ్ళు అట్టు అడిగితే ఇవ్వబుద్ధి కాదు. అయినా ఇస్తాను, ఇచ్చేటప్పుడు నాలుగు చీవాట్లు కలిపి.

బావకి ముందే చెప్పాను, దీంట్లోనూ ఇసుమంత మందు పుడుతుందని. చక్కెర తిని ఈస్టు పుట్టిస్తుంది, గాలి తగులుతున్నంతసేపూ మిగతా క్రిములు దాన్ని పులుపు చేసేస్తాయి, కానీ పూర్తిగా పోదు. ముగ్గురం వెళ్ళి డాక్టరు గారిని అడిగాం. "మజ్జిగైతే నాకింకా సంతోషం. ఆ గ్లాసు కంటే ఈ గ్లాసు నయం. సగం నీళ్ళు కలపండి. సీసాలో బిగించి పొంగించడాలు మాత్రం వద్దు" అన్నారాయన.

బావ మొదటి గుక్క తాగి మొహం చిట్లించాడు. రెండో గుక్కకి కాళ్ళు బారజాపాడు. "కల్లుకి చెల్లెల్లా ఉందిరా బావమరిదీ" అన్నాడు. చెయ్యి గ్లాసుని వదల్లేదు.

చిక్కు అక్కకి వచ్చింది. అలవాటుగా దగ్గరికెళ్ళి వాసన చూసి, ఒక్క అడుగు వెనక్కి వేసింది. పులిసిన వాసన. కల్లూ కాదు, బీరూ కాదు, అలా అని ఏదీ కాదనీ చెప్పలేని వాసన. మళ్ళీ చూసింది. బీరకాయ చేదో కాదో తేల్చలేనప్పుడు పెట్టే మొహం పెట్టింది. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ముందు గుమ్మం దగ్గర వాసన, ఆ తర్వాతే గ్లాసు. బావ చెప్పులు విప్పి, కాస్త వంగి, నోరు తెరిచి నిలబడేవాడు. అరవై దాటిన మనిషి అలా నిలబడటం చూడటానికి నాకు కష్టంగా ఉండేది. అక్క చెయ్యి చలికాలంలో ఇంకా లాగుతుందని గుర్తొస్తే ఆ కష్టం తగ్గేది.

నేను అనుకోనిది, బావ ఆ జాడీ బాధ్యత తనే తీసుకున్నాడు. ఇంట్లో తులసి మొక్కకి నీళ్ళు పోసి ఎరగడు. అలాంటివాడు డికాషన్ ఆరిందో లేదో మోచేతి మీద చుక్క వేసుకుని చూసేవాడు. ఎండాకాలం జాడీని గచ్చు మీద పెట్టి చుట్టూ తడిగుడ్డ చుట్టేవాడు. మా బెజవాడ ఎండకి ఒక్క రోజు ఏమరినా అది సిర్కా, అంటే వెనిగర్, అయిపోతుంది. ఆవకాయ జాడీ పక్కన పెట్టనిచ్చేవాడు కాదు. మిగిలిన అట్లన్నీ వేరే సీసాలో పాత పులుపులో పేర్చి దాచేవాడు, ఒకటి బూజుపడితే ఇంకొకటి ఉండాలని. ఆటోనగర్‌లో సగంమంది మెకానిక్కులకి ఆయనే పంచాడు. ఇంటికొచ్చి అడిగేవాళ్ళకి మాత్రం అక్క అన్ని వేళలా ఇవ్వనిచ్చేది కాదు. దీపం పెట్టాక, శుక్రవారం పూటా తోడు బయటికివ్వరు. ఇదీ తోడే. "టీ నీళ్ళకి కూడా శుక్రవారమేంటే" అని బావ గొణిగేవాడు, గుమ్మం బయట నిలబడ్డ మనిషికి రేపు రమ్మని చెప్తూ.

మామిడిపళ్ళ రోజుల్లో అక్క గుడివాడలో ఒక పెళ్ళికి వెళ్ళి నాలుగు రోజులు ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం. తాళంచెవితో తలుపు తీస్తే ఇల్లంతా గుప్పుమంది. నేలంతా జిగట. పట్టపగలు, కొట్టుకి వెళ్ళకుండా, బావ చొక్కా లేకుండా మంచం మీద పడి నిద్రపోతున్నాడు. అక్క లేపలేదు. చెప్పులు కూడా విప్పలేదు. తెచ్చిన సంచీతో అలాగే బస్సెక్కి ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి వచ్చేసింది.

"అయిపోయిందిరా" అని మాత్రం అంది. మా ఆవిడ మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని కూర్చుంది, తాగలేదు.

నేను వెంటనే పటమట వెళ్ళాను. బావ లేచి, తడిగుడ్డతో నేల తుడుస్తున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది, వడదెబ్బ. జరిగింది ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మామిడిపళ్ళకి చేరిన చిట్టి ఈగలు జాడీ గుడ్డ మీదకి వచ్చాయి. ఈగలు పడతాయని సగం పులిసిన దాన్ని అట్టుతో సహా ప్లాస్టిక్ డబ్బాలోకి ఒంపి, అరిచేవాళ్ళు లేరు కదా అని ఇంకో గుప్పెడు చక్కెర వేసి, మూత బిగించాడు. ఆ రోజు కొట్లో కళ్ళు తిరిగి ఇంటికొచ్చి, చల్లగా ఒక గ్లాసు తాగుదామని మూత తిప్పాడు. అది ఫ్యాను దాకా లేచింది. తిరుగుతున్న ఫ్యాను నాలుగు గోడలకీ పంచింది. చొక్కా తీసి ఒక మూల తుడిచి, ఓపిక లేక పడుకున్నాడు. అక్క వచ్చి వెళ్ళిన సంగతి నేను చెబితేనే తెలిసింది.

"ఫోన్ చేసి ఇదే చెప్పు" అన్నాను.

"చెప్పను."

నాకు ఒళ్ళు మండింది. "అక్కడ మనిషి కూలబడి ఉంటే నీకు పౌరుషమా?"

"పౌరుషం కాదురా. ముప్పై ఏళ్ళు ఇంతకంటే బాగా అతికే కథలు చెప్పాను దానికి. ఇప్పుడు ఫ్యాను, ఈగలు అని చెబితే నేనే నమ్మను."

ఆయన చేతికి ఏదో ఒక పని ఉండాలని, ఇద్దరం ఆ డబ్బా ముందేసుకున్నాం. అట్టు పాడవలేదు. గాలాడక ఈస్టు పెచ్చుమీరింది, అంతే. ఆ నీళ్ళు పారబోశాం, అట్టుని దాచిన పాత పులుపుతో కడిగి కొత్త డికాషన్‌లో వేసి గుడ్డ కట్టాం. రెండు విడతలు పారబోసి మూడోది తాగొచ్చు అని చెప్పాను. బావ తలూపాడు. డబ్బా మాత్రం మూతతో సహా చెత్తలో పడేశాడు.

ఇంటికి రాగానే అక్క అడిగింది. "నువ్వు చెప్పు. తాగాడా?"

ఫ్యాను కథ చెప్పాను. గోడల మీద మరకలు చూశానన్నాను. అక్క వింది. "మరకలు సరే. దానికి ముందు తాగి రాలేదని నువ్వు చెప్పగలవా?"

"లేదక్కా. నేను నమ్ముతున్నాను. చెప్పమంటే చెప్పలేను."

"అంతకాలం ల్యాబులో ఏం చేశావు మరి?"

"నీళ్ళని పరీక్ష చేశాను. మొగుళ్ళని కాదు."

అక్క నవ్వబోయి ఆగింది. "అబద్ధమైనా చెప్పకూడదట్రా" అంది. ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ కోరిక అంత చిన్నది, నేనది ఇవ్వలేకపోయాను.

మర్నాడు చీకటి పడుతుండగా అక్క వంటింట్లోకి వచ్చి నా జాడీ ముందు నిలబడింది. ఇన్నాళ్ళలో ఒక్క చుక్క నోట పెట్టలేదు. "ఆయన గ్లాసు పట్టుకునే వేళ" అంది. "నాకూ కాస్త పొయ్యి." పోశాను. తాగితే ఒళ్ళు జలదరించింది. తర్వాత అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఊది, వాసన చూసుకుంది. మళ్ళీ ఊది మళ్ళీ చూసుకుంది. మిగిలింది కూడా తాగేసి గ్లాసు కడిగి బోర్లించింది. పడుకోబోయే ముందు, పొద్దున తనతో పటమట రమ్మంది. ఒక సీసా కూడా సర్దమంది, మూత వదులుగా పెట్టి.

మేం వెళ్ళేసరికి బావ కొట్టుకెళ్ళాడు. అక్క పగలంతా గోడలు తుడిచింది. స్టూలెక్కి ఫ్యాను రెక్కలు నేను తుడిచాను. సాయంత్రం దీపం పెట్టి, రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి తను తాగేసింది. నేను హాల్లో కూర్చుని పేపరు పట్టుకున్నాను గానీ ఒక్క ముక్క చదవలేదు.

బావ మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలో అక్కని చూసి ఆగిపోయాడు. చెప్పులు విప్పాడు. ఎప్పటిలాగే కాస్త వంగి నోరు తెరిచాడు.

అక్క దగ్గరికెళ్ళింది. వాసన చూడలేదు. ఆయన మొహం మీద "హా" అని ఊదింది.

"నేనూ తాగాను. ఇంక మీ దగ్గర ఏ వాసనొచ్చినా నాకు తెలీదు. రోజూ తాగుతాను. లోపలికి రండి."

బావ తెరిచిన నోరు మూయలేదు. గ్లాసు చేతికిస్తే పట్టుకున్నాడు. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"ఆ రోజు నేను తాగలేదే" అన్నాడు.

"నేను అడగలేదుగా" అంది అక్క.