రహీం గారికి చెప్పిన తప్పుడు అంకె

ఫిబ్రవరి పద్దెనిమిది, మంగళవారం. హాజరు: రహీం గారు, కొలిమి చూసే సుబ్బారావు, నేను.

ఈ మాటలు నా పాత డైరీలోవి. ఇవాళ మా వంటింట్లో కాగిన నూనెలో తడి కరివేపాకు పడి చిటపటలాడింది. చప్పున వెనక్కి జరిగాను. ఆ జాగ్రత్త నేర్పిన రహీం గారు పోయి రెండేళ్లయింది. అందుకే ఆ పేజీ వెతికి తీశాను.

జగ్గయ్యపేట పొలిమేరలో మా షెడ్డు. ఎండ వేడిని నిలవ చేయడానికి వాడే ఉప్పును కరిగించి, అందులో వేడి కొలిచే సెన్సార్లు ముంచి పరీక్షించేవాళ్లం. ఐదు వందల డిగ్రీల దగ్గర ఆ ఉప్పు నీళ్లలా తేటగా ఉంటుంది. కాస్త చెమ్మ తగిలినా మొహం మీదకు చిమ్ముతుంది. చేరిన మొదటి వారం నేను తొందరపడి సెన్సార్ కడ్డీ ముంచబోతే, ఆయన లాక్కుని తన చెంపకు ఆనించుకున్నారు.

"చెమ్మ కంటికి దొరకదు డైరీ గారూ, చెంపకు దొరుకుద్ది. ఇది కూడా రాసుకోండి."

ప్రతిదీ డైరీలో రాసుకునే నా అలవాటు మీద ఆయన వేళాకోళం అది. నిజంగానే రాసుకున్నాను.

ఆయన నాలుగేళ్లు కష్టపడి సొంతంగా ఒక సెన్సార్ తయారుచేశారు. నెల రోజులు ఉప్పులో ఉన్నాక అసలు వేడికీ అది చూపే అంకెకూ తేడా రెండు డిగ్రీలు దాటకపోతే కంపెనీ తీసుకుంటుంది. దాటితే మూల పడేస్తుంది. ఆ మంగళవారం ఆఖరి రోజు. ఆయన కళ్లకు శుక్లాలు వచ్చాయి, మీటరు నేనే చదవాలి.

"ఎంతండీ?"

తేడా ఆరు. తలెత్తి ఆయన మొహం చూశాను.

"ఒకటేనండి," అన్నాను. రిజిస్టరులోనూ ఒకటే వేశాను.

"ఇంకేం, గురువు గారు బజ్జీలు తినిపించాల్సిందే!" అన్నాడు సుబ్బారావు. అందరికీ తినిపించి, నవ్వుకుంటూ నందిగామ బస్సెక్కారాయన.

మర్నాడు పొద్దున సేమ్యా డబ్బాతో వచ్చారు. "మా ఆవిడ చేసింది, మీ అందరికీ." మూత తీస్తుండగా నిజం చెప్పేశాను. ఆయన మూత మళ్లీ బిగించారు.

"నిన్న చెప్తే నేనొక్కణ్నే బాధపడేవాణ్ని. ఇప్పుడెళ్లి ఆవిడక్కూడా చెప్పాలి."

క్షమించమన్నాను. ఆయన కుర్చీ మీటరు దగ్గరకు జరుపుకుని కూర్చున్నారు.

"మళ్లీ చదవండి. నా మొహం చూడొద్దు."

ఆ తర్వాత ఎప్పుడూ, ఎవరికీ, మొహం చూసి అంకె చెప్పలేదు నేను. ఆ పొద్దున మీటరు మీదకే వంగి చదివాను.

"ఆరు, రహీం గారూ."

"రాయండి," అన్నారు.