అమ్మమ్మ ఆనప విత్తనం

నా చిన్నప్పుడు, మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో ఉండగా, ఒక ఆనపకాయ కోసి మా అమ్మమ్మను ఏడిపించాను. అప్పుడు నేను పాతపట్నం దగ్గర అమ్మమ్మ గారి ఊళ్లో ఉండి చదువుకునేదాన్ని. బడి వదలగానే సంచి అరుగు మీద పడేసి కళ్లానికి పరుగెత్తేదాన్ని. అక్కడ పశువుల పాకను ఆనుకుని అమ్మమ్మ కూరగాయల మడి ఉండేది. వంగ మొక్కలకు చెంబుతో నీళ్లు పోయడం, లేత బెండకాయలు తుంచి అక్కడే నమిలేయడం, దూడ వెంట తిరగడం. అంతకు మించిన సుఖం ఉంటుందని నాకు తెలియదు.

ఒక రోజు మా మావయ్య ఆమదాలవలసలో రైలు దిగి, బస్సెక్కి, చెప్పా పెట్టకుండా వచ్చాడు. ఇంట్లో కూర లేదు. అమ్మమ్మ పొలంలో ఉంది. పెద్దరికం చూపించాలని నాకు ఉబలాటం కలిగింది. పాక మీది తీగకు ఒకే ఒక్క పెద్ద కాయ వేలాడుతోంది. లాగి తెంపాను. కత్తిపీట దిగలేదు. రాతి మీద బాది పగలగొట్టాను. లోపల గింజలు ఇంకా తెల్లగా, మెత్తగా ఉన్నాయి.

అమ్మమ్మ వచ్చి ఆ ముక్కలు చూసి నేల మీద కూలబడింది.

"ఓలమ్మో! ఇత్తనం కాయ కోసీసినావేటే!"

తన పెళ్లయిన ఏడు వాళ్లమ్మ కొంగున ముడివేసి పంపిన విత్తనమట అది. ఏటేటా ఒక కాయను తీగ మీదే ఎండనిచ్చి, ఆ గింజలే మళ్లీ నాటేది. ముదరని గింజ మొలవదట. అమ్మమ్మ కళ్లు తుడుచుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. దెబ్బలు తప్పవనుకుని గోడకు అంటుకుపోయాను.

"ఎందుకు కోసినావే గుంటా?" అంది.

"మావయ్యకి కూర సేద్దామని."

ఆమె నన్ను దగ్గరకు లాక్కుంది. "మనిసికి పెట్టాలని కోసినావు. అది తప్పు కాదులే. రేపు నాతో రా. నాను ఇత్తనాలిచ్చినోల్లని నువ్వే అడగాల."

మర్నాడు బడి మానిపించి నన్ను తీసుకుని బయలుదేరింది. ముందు ఊళ్లోనే ఒక బంధువుల ఇంటికి వెళ్లాం. అమ్మమ్మ ఇచ్చిన గింజలు వాళ్లు నాటలేదు, ఎక్కడ పెట్టారో కూడా గుర్తులేదు. అమ్మమ్మ మొహం వాడిపోయింది. అక్కడి నుంచి మోకాలి లోతు గెడ్డ దాటి, ఎండలో నడిచి నడిచి, పక్క ఊరి చివర ఒక పూరింటి ముందు ఆగాం. ఎప్పుడో మా పొలంలో నాట్లు వేయడానికి వచ్చిన ఆవిడ ఇల్లది. ఇంటి కప్పంతా ఆనప తీగే.

నోరు పెగల్చుకుని, చేసిన పనంతా చెప్పి, గింజలు అడిగాను. ఆవిడ పకపకా నవ్వింది. చూరు కింద వేలాడుతున్న ఎండుకాయ తెచ్చి నా చెవి దగ్గర ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి.

"మీ యమ్మమ్మ ఇచ్చిందే కదే తల్లీ! మా ఈదిలో అందరిళ్ల మీదా ఇదే పాకతన్నాది. అంతా అట్టుకుపో."

అమ్మమ్మ గింజలు సగమే తీసుకుంది. తిరిగి వస్తూ గెడ్డలో కాళ్లు కడుక్కుంటూ నెమ్మదిగా అంది, "సూసినావా, నాను దాసుకున్నది పోయింది. ఇచ్చినదే మిగిలింది."

వానలు పడగానే గుంట తవ్వి, పశువుల పెంట వేసి, నా చేతే గింజలు నాటించింది. మొలకలు రెండాకులు విప్పిన ఉదయం ఇంటింటికీ వెళ్లి చెప్పాను. ఆ ఏడు తొలి కాయ కూర మావయ్య వచ్చినప్పుడే వండుకున్నాం.

ఇప్పుడు నేనే అమ్మమ్మను. శృంగవరపుకోటలో మా పెరడు చిన్నదే అయినా ఆనప, బీర, చిక్కుడు అన్నీ పెంచుతాను. గింజలు ఎండగానే ముందు వీధిలో పంచుతాను, ఆ తరువాతే నా సీసా నింపుకుంటాను. "మీకు మిగలవేమో ఆంటీ" అని మొహమాటపడతారు పక్కింటి కొత్త కోడళ్లు. నవ్వి వాళ్ల గుప్పెట్లో పోస్తాను. ఆ రోజు అమ్మమ్మ నన్ను కొట్టి ఉంటే, ఆనపకాయ జోలికి పోకూడదని మాత్రమే నేర్చుకునేదాన్ని. కొట్టకుండా చెయ్యి పట్టుకుని అంత దూరం నడిపించినందుకు, పొద్దున్నే పెరట్లోకి అడుగు పెట్టినప్పుడల్లా ఆమెకు మనసులో దండం పెట్టుకుంటాను.