సైకిల్ బుద్ధి

హిందూపురంలో మా రేకుల షెడ్డుకు రెండు బోర్డులుండేవి. ఎడమ సగం మా బావది, సైకిల్ షాపు. కుడి సగం నాది, కార్లకూ ట్రాక్టర్లకూ కరెంటు పని. మధ్యలో గోడ లేదు. మా అక్క పాత చీర ఒకటి అడ్డం కట్టి ఉండేది, అది కూడా గాలికి ఎప్పుడూ పైకి చుట్టుకుపోయే ఉండేది. బావంటే ఆ అక్క మొగుడే. నాకంటే పన్నెండేళ్లు పెద్ద.

ఆయన నన్ను "కరెంటోడా" అనేవాడు. నేను "తొక్కుడు బావా" అనేవాణ్ణి. బావా బామ్మర్దుల మధ్య ఆ మాత్రం లేకపోతే తిన్నది అరగదు. పొద్దున షాపు తెరవగానే ఒకే టీని రెండు గ్లాసుల్లో పోసుకుని, ఎక్కువ ఎవరికొచ్చిందని కాసేపు గొడవ పడేవాళ్లం. పంక్చర్ చూసే తొట్టిలో ఆయన వారం రోజులు అవే నీళ్లు వాడేవాడు. నాలుగో రోజుకే అవి తారులా అయ్యేవి, బుడగ కంటికి కనపడేది కాదు. ట్యూబును నీళ్లలో ముంచి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "ఈడ ఉండాది" అని వేలు పెట్టేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇప్పుడు ఆ షెడ్డు మొత్తం నాదే, కావలసినంత చోటుంది, ఆ టీ రుచి మాత్రం లేదు.

మా ఇద్దరి మధ్య మాట తేడా తెచ్చిన కారు మా దగ్గరికి వచ్చి నాలుగేళ్లయింది. లేపాక్షి నుంచి చిలమత్తూరు పోయే దారిలో ఒక టీచరమ్మ ఉండేది, రిటైరై చానా కాలమైంది. ఆమె భర్త మిల్లులో ఇంజనీరు. బెంగళూరులో ఎవరి గ్యారేజీలోనో తుప్పు పట్టి పడి ఉన్న పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారును లారీలో వేయించుకొచ్చి, ఏళ్ల తరబడి సొంతంగా బాగు చేసుకున్నాడట. రెండే సీట్లు, పైన కప్పు లేదు, పొట్టిగా పచ్చగా ఉండేది. ఆ చుట్టుపక్కల జనం దాన్ని "సగం కారు" అనేవాళ్లు. ఆయన పోయాక ఆమే నడుపుకుంటూ తన చేనికీ, లేపాక్షికీ తిరిగేది. తలకు తుండుగుడ్డ చుట్టుకుని ఆ సగం కారులో ఆమె పోతూ ఉంటే, గొర్రెల వాళ్లు కూడా మందను పక్కకు తోలి నిలబడి చూసేవాళ్లు.

ఆమె కుడి భుజం పట్టేసింది. డిక్కీ పిడి తిప్పి, రెండు చేతులతో మూత ఎత్తడం చేతకావడం లేదు. పైగా ఆ పిడి విరిగిపోయింది, దానికి సామాను ఎక్కడా దొరకదు. రిమోట్ పెడితే ఒక్క వేలితో పనైపోతుందని నేనే చెప్పాను. ఆమె ఒకే షరతు పెట్టింది.

"మూతకు మాత్రం తూటు పడగూడదు నాయనా. పాతది తుప్పు తినేస్తే మా ఆయన కొత్త రేకు కొట్టి చేసినాడు దాన్ని. ఆయన సుత్తితో కొడతాంటే అవతలి పక్క పట్టుకొనింది నేనే. దానికేమన్నా అయితే ఈ బండి నాకొద్దు, ఎవురికన్నా ఇచ్చేస్తా."

అరచేత్తో ఆ మూతను నిమురుతూ చెప్పింది. భర్త గురించి ఆమె మా దగ్గర మాట్లాడింది అంతే.

పని పెద్ద కష్టమేం కాదు. తాళం కొక్కెం బండి బాడీ వైపు ఉంది కాబట్టి మూతకు తూటు పెట్టే అవసరమే లేదు. కొక్కేన్ని లాగడానికి ఒక చిన్న మోటారు బిగించాను. మూత తనంతట తాను రెండు వేళ్లు పైకి లేచేట్టు ఒక స్ప్రింగు పెట్టాను. విరిగిన పిడి పీకేసి ఆ చోట పచ్చ బిళ్ల ఒకటి అతికించాను. కొక్కెం, మోటారు కనపడకుండా డిక్కీ లోపలి అట్ట కూడా మూసేశాను. ఇక డిక్కీ మూలలో రిమోట్ సిగ్నల్ అందుకునే పెట్టెకు వైరు కలిపితే అయిపోయినట్టే.

బావ చీర పక్కకు నెట్టి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"బయట పిడి తీసేస్తివి. నీ వైరు తెగితే డిక్కీ ఎట్ల తెరవల్ల?"

"నా వైరు తెగదు బావా."

"తెగని వైరు యాడుంటాది? ఒక సైకిల్ బ్రేకు వైరు కొక్కేనికి కట్టి కిందికి ఇడుస్తాం. కనపడదు. ఎప్పుడన్నా కావాల్సొస్తాది."

నేను నవ్వాను. బ్రేకు వైరు వేలాడదీసిన రిమోట్ ఎవరన్నా చూస్తే నా పరువేం కావాలి? నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. ఆయన మాట పట్టించుకోకుండా పెట్టెకు కరెంటు ఇచ్చాను.

ఇచ్చీ ఇవ్వగానే పొగ వచ్చింది.

మామూలుగా బ్యాటరీ మైనస్ తీగను బాడీకి కడతారు. ఆ కాలం ఇంగ్లీషు బండ్లలో కొన్నింటికి అది తిరగేసి ఉంటుంది, ప్లస్ తీగ బాడీకి పోతుంది. పని మొదలుపెట్టే ముందు అది చూసుకోవడం ఈ పనిలో ఓనమాలు. చూడలేదు. ఇరవయ్యేళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, చూడలేదు.

"ఏమప్పా కరెంటోడా, సాంబ్రాణి యేసినావా?" అన్నాడు బావ. ఎదురుగా టీకొట్టు దగ్గరున్న నలుగురూ పగలబడి నవ్వారు. రోజూ అనే మాటల్లాంటిదే అది. ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఊరుకోకుండా మళ్లీ, "అందుకే చెప్తి, ఒక బ్రేకు వైరు..." అన్నాడు.

"నీది సైకిల్ బుద్ధి బావా" అన్నాను. "పంక్చర్లేసుకునేదానికి మించి నీకేం తెలుసు? సైకిళ్లు తొక్కేవాళ్లే లేరు ఊళ్లో. దినానికి ఒక్క బండి రాదు నీకు, నాకు చెప్పొస్తావా?"

అప్పుడెవరూ నవ్వలేదు. బావ చేతిలో ఒక చక్రం ఉంది, వంకర తీస్తున్నాడు. దాన్ని ఒకసారి గిర్రున తిప్పి, అది ఆగేదాకా చూశాడు. "నిజమేలేప్పా" అని చీర అవతలికి పోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నాకు ఆ సామెత తెలుసు, మా అమ్మ నాకే వంద సార్లు చెప్పింది. తెలిసి ఏం లాభం, పిలిచి ఒక మాట అనడానికి నాకు అహం అడ్డొచ్చింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బెంగళూరు పోయి కొత్త పెట్టె తెచ్చాను. దిగేసరికి సాయంత్రమైంది. బావ షాపు ముందు కూర్చుని ఉన్నాడు, చొక్కా వెనకంతా ఎర్ర మట్టి. చూశాను, అడగలేదు. మూలలో మాడిన పెట్టె తీసేసి కొత్తది పెట్టాను. ఈసారి తీగలు సరిగా చూసి తిరగేసి కలిపాను. పెట్టె బాడీకి తగలకుండా కింద ట్యూబు ముక్క వేశాను, అది బావ కుప్పలోంచి అడగకుండా తీసుకున్నదే. రిమోట్ నొక్కితే టక్కుమని మూత లేచింది. టీచరమ్మ వచ్చి చిన్నపిల్లలా పదిసార్లు నొక్కి చూసుకుంది. నాకు దండం కూడా పెట్టింది. బావ అవతల రేడియో వింటూ ఉండిపోయాడు.

ఆ తర్వాత ఆయన నన్ను కరెంటోడా అనలేదు. టీ ఎవరిది వాళ్లం తాగేవాళ్లం. ఏడాది తిరక్కుండానే షాపు మూసేసి, రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఒక యూనిట్లో మిషన్లు బాగుచేసే పనికి కుదిరాడు. అక్కనూ తీసుకెళ్లాడు. పోయేటప్పుడు పంక్చర్ తొట్టిలో నీళ్లు పారబోసి, బోర్లించి పోయాడు. సైకిళ్లకు కాలం చెల్లిందని ఊళ్లో అందరూ అన్నారు, అదీ నిజమే. కానీ ఆ మాటను మొదట ఆయన మొహం మీద అన్నది నేను. పండక్కి కలిసినా, పెళ్లిళ్లలో కలిసినా బాగున్నావా అంటే బాగున్నానని అనుకునేవాళ్లం, అంతే. నా వల్లే పోయాడన్న దిగులు నన్ను వదలలేదు.

మొన్న ఎండాకాలం టీచరమ్మ ఫోన్ చేసింది. భుజానికి ఆపరేషనై రెండు నెలలు బండి కదల్లేదట. డిక్కీ తెరుచుకోవడం లేదు, లోపల్నుంచి కంపు కొడుతోందని చెప్పింది. నేను పోయేసరికి ఆమె అన్న కొడుకు గ్రైండరు తెచ్చి, వైరు ప్లగ్గుకు పెట్టి సిద్ధంగా ఉన్నాడు. ఆమె ఎడమ చెయ్యి డిక్కీ మూత మీద పెట్టుకుని, అడ్డంగా నిలబడి ఉంది.

"ఒక మూల కోస్తే సరిపోతుంది అత్తా, మళ్లీ అతుకు పెట్టిస్తాం" అంటున్నాడు వాడు.

"కోస్తే బండి కూడా నువ్వే తోలుకొని పో. నా కంటికి కనపడగూడదు" అందామె. కోపంగా అనలేదు. అందుకే నాకు భయమేసింది.

"ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటామా, ఆగప్పా" అని గ్రైండరు పక్కన పెట్టించాను. అప్పటికది ఎలుక పనేనని నాకు తెలియదు, నోటికి వచ్చింది అన్నానంతే. ఆ తర్వాత ఆమెను అడిగితే, డిక్కీలో చేని నుంచి తెచ్చిన చెనిక్కాయల మూట మరిచిపోయానంది. ఇక చెప్పేదేముంది.

బ్యాటరీ దిగిపోయి ఉంటుందని, ముందు వైపు నుంచి వేరే బ్యాటరీతో కరెంటు ఇచ్చి చూశాను. లైట్లు వెలిగాయి, హారన్ మోగింది, డిక్కీలో చప్పుడు లేదు. లోపల ఎలుకలు వైరు కొరికేసి ఉంటాయి. సీట్ల వెనకనుంచి పోదామంటే అడ్డంగా ఇనప రేకు. గంటన్నర తిప్పలు పడ్డాను. నా వైరు తెగదన్న మొనగాణ్ణి నేనే. పిడి పీకేసిందీ నేనే. ఆమె నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది, తల ఎత్తి తాగలేకపోయాను.

కిందనుంచి ఏమన్నా దారి ఉందేమోనని, గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాను. డిక్కీ నేలకు నీళ్లు కారడానికి ఒక చిన్న తూటు ఉంటుంది. దాంట్లోంచి పొట్టిగా, నల్లగా ఏదో వేలాడుతోంది. తుడిచి చూస్తే వాల్వ్ ట్యూబు, సైకిల్ గాలి వాల్వుకు తొడిగే సన్న రబ్బరు గొట్టం. మట్టి పోకుండా చివర ముడి వేసి ఉంది. ముడి విప్పితే లోపల గ్రీసులో మునిగిన బ్రేకు వైరు, పట్టుకోవడానికి చిన్న మెలిక.

సైకిల్ పని చేసేవాడికి వీపుకు మట్టి అంటుకునే పనేముంటుంది? నాలుగేళ్ల కింద ఆ సాయంత్రం చూసిన చొక్కా అక్కడ, బండి కింద పడుకుని ఉన్నప్పుడు గుర్తొచ్చింది. నేను బెంగళూరు పోయిన రోజు, నా చేత అంత మాట పడిన మర్నాడే, ఆయన అట్ట విప్పి ఈ వైరు కట్టి, మళ్లీ నాకు తెలియకుండా అట్ట మూశాడు. కొత్త తూటు ఒక్కటి కూడా పెట్టలేదు.

మెలికలో వేలు పెట్టి లాగాను. టక్కుమంది. పైన టీచరమ్మ "అబ్బ" అంది.

చెనిక్కాయల పొట్టు, రెండు చచ్చిన ఎలుకలు ఎత్తిపోసి, చేతులు కడుక్కుని, వాళ్ల అరుగు మీద కూర్చునే బావకు ఫోన్ చేశాను. అవతల కుట్టు మిషన్ల రొద.

"బావా, సగం కారుకు వైరు యేసినావు గదా..."

బావ అడిగాడు. "తెగిందా?"

"తెగింది నాది. ఎలుకలు కొరికినాయి. నీది బాగుండాది. ఒక్కసారి లాగితే వచ్చేసింది."

"గ్రీసు బాగా కూరింటి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పీకి పారేసిందువు."

నిజమే, పీకి పారేసేవాణ్ణి. "నేను నిన్ను అంత మాటంటి. అయినా ఎట్ల యేస్తివి బావా?"

"మాటన్నది నువ్వు. ఆ యమ్మ డిక్కీ ఏం జేసింది?"

కష్టం మీద, "ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాను. ఈ నాలుగేళ్లలో ఎన్నిసార్లు అనుకున్నానో, నోటితో అనడం అదే మొదటిసారి.

"అంటివి. నేనేమీ మర్చిపోలే" అన్నాడు. "ఇప్పుడు పట్టుకొని లాగింది కూడా నువ్వే గదా కరెంటోడా. సరిపాయ. ఏడాదికొకసారి గ్రీసు పెట్టు."

ఫోన్ పెట్టేశాక టీచరమ్మ దగ్గరికొచ్చింది. అన్న కొడుకు గ్రైండరు వైరు చుట్టుకుంటున్నాడు. డిక్కీ మూత తెరిచే ఉంది, దాని మీద గీత కూడా లేదు.

"ఆ వైరు పెట్టింది నువ్వు గాదా నాయనా?"

"నేను గాదమ్మా. మా బావ."

"ఏం పని చేస్తాడాయన?"

"సైకిల్ మెకానిక్కు" అన్నాను, అరుగు దిగి ఆమెకు ఎదురుగా నిలబడి. షాపు మూసేశాడని మాత్రం చెప్పలేదు.