అప్ప పై పన్ను

మా స్టాఫ్ రూంలో నన్ను పళ్ళ టీచరమ్మ అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే. ఎవరైనా దవడ పట్టుకుని కూర్చుని "ఏం లేదండీ, ఒక మాత్ర వేసుకుంటే సర్దుకుంటుంది" అన్నారంటే, దిద్దుతున్న పేపర్లు పక్కన పడేసి వాళ్ళ వెంట పడతాను. ఏ మాత్ర, ఎన్నాళ్ళ నుంచి, డాక్టరు రాసిందా దుకాణంవాడు ఇచ్చిందా అని ఆరా తీస్తాను. ఒకసారి హెడ్మాస్టరు గారిని కూడా వదల్లేదు. ఆయన నవ్వి, "మీకు పళ్ళ డాక్టరు దగ్గర కమీషనేమైనా ఉందా అమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. ఇది మా అప్ప సంగతి. అక్కని మా ఇళ్ళలో అప్ప అనే పిలుస్తాం. ఆమె ఇప్పుడు లేదు.

నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మాది పూండి దగ్గర ఉద్దానం పల్లె. నాన్న పోయేనాటికి నేను బడిలో ఉన్నాను, అప్ప అప్పటికే పలాస వెళ్ళి జీడి ఫ్యాక్టరీలో పని చేస్తోంది. నా ఫీజులు, నా పుస్తకాలు, నా హాస్టలు, అన్నీ ఆమె చేతి మీదుగానే నడిచాయి. పెళ్ళి మాటెత్తితే "దీని సదువవనీండి" అనేది. నా చదువు అయ్యేసరికి ఆ మాటెత్తేవాళ్ళే లేకుండా పోయారు.

మొదట్లో ఆమెది పిక్కలు కోసే పని. జీడి పిక్క పెంకులో నల్లటి నూనె ఉంటుంది. అది తగిలితే తోలు కాలి ఊడుతుంది. బూడిద రాసుకుని కూర్చున్నా వేళ్ళు మాత్రం ఎప్పుడూ నల్లగా, పెచ్చులు లేచి ఉండేవి. ఆ వేళ్ళతో నాకు జడ వేసేది, నా జుట్టు చిక్కుకుని లాగేది, నేను విసుక్కునేదాన్ని. తర్వాత గ్రేడింగులోకి మారింది. పొట్టు తీసిన పప్పుని ముందు పోసుకుని పగలని గుండ్లు, బద్దలు, ముక్కలు వేరు చేయాలి. రంగు మారినవి, మచ్చ ఉన్నవి తీసేయాలి. అప్ప ఏరిన పప్పుని మేస్త్రి మళ్ళీ చూసేవాడు కాదు. అది ఆమెకి చాలా గొప్ప.

"నా కూడు నా కళ్ళల్లో ఉందే" అనేది.

తొంభైల చివర్లో ఆమెకి ఎడమ వైపు పై దంతం పుచ్చింది. చల్లనీళ్ళు తాగితే జివ్వుమనేది, తర్వాత వేడిగా తాగినా అంతే, ఆ తర్వాత ఏమీ తాగకపోయినా పోటు. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకి పంటి నొప్పికి ఒకటే మందు. పిక్క పెంకు నూనెని పుల్ల కొనకి తీసుకుని పుచ్చులో అద్దడం. చేతి తోలే ఊడగొట్టే నూనె, లోపలున్న పురుగుని కాల్చకుండా వదులుతుందా అని వాళ్ళ నమ్మకం. పంట్లో పురుగనేది ఉండదు. ఆ సంగతి నేనిప్పుడు ఎంత తీరిగ్గా రాస్తున్నానో చూడండి. అప్ప అద్దించుకుంది. నూనె బుగ్గ లోపలికి జారి పుండు పడింది. వారం రోజులు గంజి తప్ప ఏమీ దిగలేదు. పుండు మంట ముందు పంటి నొప్పి తెలియలేదు కాబోలు, మందు పనిచేసిందనే చెప్పుకున్నారు.

నొప్పి తిరగబెట్టాక మాత్రలు మొదలయ్యాయి. మా వైపు మాత్రల పేర్లు ఎవరూ అడగరు. ఎర్రవి, పచ్చవి, తెల్లబిళ్ళలు అని అడుగుతారు. అప్పవి పచ్చవి.

నేనప్పుడు టెక్కలిలో హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతున్నాను. బస్టాండు దగ్గర సందులో కొత్తగా ఒక పళ్ళ డాక్టరు బోర్డు పెట్టాడు. అప్పని ఒక శనివారం పని మాన్పించి తీసుకెళ్ళాను. కుర్రవాడే, ఓపికగా చూశాడు. పన్ను మీద చిన్నగా తట్టాడు, గోరంత ఫిల్ము పెట్టి ఎక్స్‌రే తీశాడు. పుచ్చు నరం దాకా వెళ్ళిపోయిందనీ, రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలుస్తుందనీ, లేదంటే పీకించుకోవాలనీ చెప్పాడు. "మాత్రలతో మాత్రం ఇది తగ్గదమ్మా, నొప్పి తెలియకుండా పోతుందంతే" అన్నాడు. రెండు మూడు సార్లు రావాలన్నాడు. ఆలోచించుకుని వస్తామని చెప్పి బయటికొచ్చాం.

సందు మలుపులో అప్ప ఆగింది.

"ఏటంటావే? నరం తీసెత్తాడంట. నువ్వు సదువుకున్నదానివి, నువ్వే సెప్పు. పరవానేదా?"

అంతకు కొద్ది రోజుల ముందే మా హాస్టల్లో ఒకమ్మాయి ఏదో మాటల్లో చెప్పింది. వాళ్ళ మావయ్యకి పై పంటి నరం తీశాక చూపు తగ్గిందట. పై పళ్ళ నరాలన్నీ కంటికే వెళ్తాయట. నేను దాన్ని విన్నాను, అంతే. ఎవరినీ అడగలేదు, ఏ పుస్తకమూ తెరవలేదు. డిగ్రీలో నా సబ్జెక్టు జంతుశాస్త్రం. పంటి నిలువుకోత గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నదాన్ని. పంటి లోపలి నరం ఆ పంటి వేరు కొన దగ్గరే తెగుతుందని, కంటిచూపు నరం మెదడులోంచి వేరే దారిన వస్తుందని నాలుగు పేజీలు తిప్పితే తెలిసేది. కానీ రోడ్డు మీద నిలబడి అప్ప నా ముఖంలోకి చూస్తుంటే, నాకు తెలియదు అనడం నాకు చేతకాలేదు.

"వద్దప్పా. పై పంటి నరానికీ కంటికీ సంబంధం ఉంది. పీకినా తీసినా చూపు పోతుంది" అన్నాను. విన్న మాటని చదివిన మాటలా చెప్పాను.

అప్ప ఇంకో ప్రశ్న అడగలేదు. కొంగు బుగ్గకి అదుముకుని, "అయితే ఎల్లిపోదాం. కళ్ళు పోతే నానేటి సేత్తాను" అంది. బస్సు వచ్చేదాకా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చదువుకున్న మనిషి ఇంట్లో ఉంటే ఎంత ధైర్యమో చెప్పింది. నాకప్పుడు గర్వంగా కూడా అనిపించింది.

ఆరునెలలకి పన్ను దానంతట అదే నొప్పి మానేసింది. మా అమ్మ అమ్మవారికి కొబ్బరికాయ కొట్టింది. ఇప్పుడు బడిపిల్లలకి కూడా చెబుతుంటాను, పుచ్చిన పన్ను ఉన్నట్టుండి నొప్పి మానేస్తే సంతోషించవద్దు, లోపల నరం చచ్చిపోయి ఉంటుంది అని. చచ్చాక నొప్పి ఉండదు, కుళ్ళు మాత్రం వేరు కొనలోంచి ఎముకలోకి దిగుతుంది. అప్పకి అదే జరిగింది. రెండు మూడు నెలలకోసారి బుగ్గ వాచేది, చిగురు మీద పొక్కు లేచి చీము కారేది. మళ్ళీ పచ్చమాత్రలు. ఈలోగా నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. జీతం మొదలయ్యాక ఆ మాత్రలు నేనే అట్టలకి అట్టలు కొని తెచ్చేదాన్ని. అప్పకి ఏదో ఒకటి చేస్తున్నానన్న తృప్తి నాకు.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేముంది. ఏ వీధికి వెళ్ళినా ఎవరో ఒకరి కాళ్ళు వాచి ఉంటాయి. నీళ్ళంటారు, మందులంటారు, ఎండలో చెమటోడ్చే పని అంటారు, ఎందుకొస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. కిడ్నీ ఎంత చెడిందో రక్తంలో చెప్పే క్రియాటినిన్ అనే మాట చదువురానివాళ్ళ నోట కూడా తప్పు లేకుండా పలుకుతుంది. అప్ప కాళ్ళు వాచినప్పుడు రోజంతా కూర్చునే పని కదా అనుకున్నాం. అన్నం వాసన గిట్టడం లేదన్నప్పుడు నాకు భయం వేసింది. రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది.

విశాఖపట్నంలో కిడ్నీ డాక్టరు గారు పెద్దాయన. అన్నీ అడిగి చివర్లో, "నొప్పి మాత్రలేమైనా వాడారా" అన్నారు. అప్ప సంచీలోంచి పచ్చమాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టింది. సగం ఖాళీ అయిన అట్ట. ఎన్నాళ్ళని అడిగారు. ఏళ్ళని చెప్పాను. ఆయన ఆ అట్ట తిప్పి వెనకున్న పేరు చదివారు. జబ్బు వీటి వల్లే వచ్చిందని తాను చెప్పలేననీ, మీ ప్రాంతంలో ఒక్క మాత్రా మింగనివాళ్ళకీ వస్తోందనీ అన్నారు. "కానీ దెబ్బ తిన్న కిడ్నీకి ఇవి విషమే. ఉన్న బలాన్ని కూడా ఇవే తినేశాయి" అన్నారు. ఇక ఒక్కటి కూడా ముట్టుకోవద్దనీ, చీము పట్టిన పన్నుని మాత్రం ఒంట్లో ఉంచవద్దనీ, వెంటనే చూపించమనీ రాసిచ్చారు.

ఆ తర్వాత అప్ప బతికింది రెండేళ్ళకి లోపే. రాసిచ్చిన వారానికే మళ్ళీ అదే టెక్కలి సందుకి వెళ్ళాం.

డాక్టరుకి కణతల దగ్గర నెరిసింది. విశాఖ కాగితాలన్నీ, అప్పట్లో తానే రాసిచ్చిన చీటీతో సహా చదివాడు, పెద్దాయనకి ఫోను చేసి మాట్లాడాడు. చీటీ వెనకాల పన్ను బొమ్మ గీసి అప్పకి చూపించాడు. "ఇవి వేర్లమ్మా, వీటి లోపల సన్నని దారులుంటాయి. అందులో ఉన్న నరం ఎప్పుడో చచ్చిపోయింది. ఆ కుళ్ళుని సన్నని సూదులతో తీసి, శుభ్రంగా కడిగి, రబ్బరు లాంటి దాంతో నింపి మూసేస్తాను. ఆ తర్వాత పైన తొడుగు వేస్తాను" అన్నాడు.

"నొప్పెడతాదా బాబూ?"

"మత్తు సూది వేసేటప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది. ఆ తర్వాత తెలియదు."

అప్ప చెప్పులు విప్పి కుర్చీ ఎక్కింది. ఆ కుర్చీలో చెప్పులతోనే కూర్చోవచ్చని ఆయన చెప్పినా వినలేదు. చెప్పులు నేను పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆమె వాచిన పాదాలు కుర్చీ చివర నా కళ్ళెదురుగా ఉన్నాయి. గంట కూడా పట్టలేదు. ఒక్కసారి కూడా మూలగలేదు. ఆయన చేతులు తీసేశాక తిమ్మిరెక్కిన మూతితో, "అయిపోనాదా?" అంది.

"ఈ పూటకి అయిపోయిందమ్మా. ఇంకోసారి వస్తే చాలు."

"ఇంతేనా" అంది. ఆ మాట నేను మరిచిపోలేను.

తర్వాత ఆమె ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని గోడ మీది కేలెండరు వైపు చూసింది. చెయ్యి మార్చి కుడి కన్ను మూసుకుని మళ్ళీ చూసింది. "కనిపిత్తంది" అని తనలో తనే అనుకుంది.

డాక్టరుకి అర్థమైంది. చేతి తొడుగులు విప్పుతూ, నవ్వకుండానే అడిగాడు. "అప్పట్లో మళ్ళీ రాలేదు మీరు. కన్ను పోతుందని భయపడ్డారా? ఎవరు చెప్పారమ్మా మీకు ఆ మాట?"

చెప్పేయాలనే అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

అప్ప నా వైపు చూడలేదు. కొంగుతో పెదవులు తుడుచుకుని, నెమ్మదిగా కుర్చీ దిగి, "ఎవలో అన్నారు బాబూ. మావూళ్ళో సదువుకోనోలు అలగే అంటారు" అంది. నా చేతిలోంచి చెప్పులు తీసుకుని వేసుకుంది.