మైకు తల్లికి దండం

ఆ రోజుల్లో మైకు ముందు మాట్లాడటం ఎవరూ ఎవరికీ నేర్పేవారు కాదు. మాట్లాడాల్సినవాడు మాట్లాడేవాడు, వినాల్సినవాళ్ళు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ వినేవారు, అయిపోయాక ఎవరిళ్ళకు వాళ్ళు పోయేవారు. ఇప్పుడలా కాదు. పిల్లల్లో బెరుకు పోగొట్టాలి, కళల మీద ఇష్టం పెంచాలి అని సెలవులొస్తే చాలు, ఎక్కడో ఒకచోట శిక్షణ తరగతులు పెడుతున్నారు. మా బోటివాళ్ళను పిలిచి, ఒక శాలువా కప్పి, పిల్లల్ని మాకు అప్పజెప్పి వాళ్ళు టీ తాగడానికి వెళ్ళిపోతున్నారు. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. నోరు కొంచెం పెద్దది (ఈ మాట మా ఆయనది, నాది కాదు). శృంగవరపుకోట నుంచి శ్రీకాకుళం దాకా ఎక్కడ పిలిచినా బస్సెక్కి వెళ్ళిపోతాను. వెళ్ళినచోటల్లా మొదట ఒకే కథ చెబుతాను. అది నా చిన్నప్పటి గంట కథ. చెప్పీ చెప్పీ అది నున్నగా అరిగిపోయింది. ఏ మాట దగ్గర ఆగితే ఎంతమంది నవ్వుతారో నాకు ముందే తెలుసు. ఆ కథే మీకూ చెబుతాను. కాకపోతే తరగతుల్లో చెప్పినట్టు చెప్పను.

మా అమ్మ తండ్రిని ఊరంతా జముకుల తాత అనేవారు. జముకు అంటే మా వైపు కథలు చెప్పేవాళ్ళ వాయిద్యం. కుంచమంత ఉంటుంది, అడుగున తోలు, ఆ తోలు మధ్యనుంచి ఒక నరం. ఆ నరాన్ని లాగి మీటుతూ, ముందుకు రెండడుగులు, వెనక్కి రెండడుగులు వేస్తూ కథ చెబుతారు. మా తాత పాతికేళ్ళు అలా అమ్మవారి కథలు చెప్పాడట. చెప్పాడట అని ఎందుకంటున్నానంటే, నాకు ఊహ తెలిసేసరికే ఆయన్ని పిలిచేవాళ్ళు లేరు. పండగొస్తే ఊళ్ళోకి ఆర్కెస్ట్రా వచ్చేది, లేకపోతే వీడియో పెట్టేవారు. కొడుకులిద్దరిలో ఒకడు జూట్ మిల్లులో చేరాడు, ఇంకొకడు లారీ ఎక్కాడు. జముకు మా పెద్దమ్మ ఇంట్లో చూరుకు వేలాడుతుండేది. తాత రోజూ దాన్ని దించి, తుడిచి, నరం బిగించి, మళ్ళీ చూరుకే తగిలించేవాడు. ఆయన ఉండటం కూడా పెద్దమ్మ ఇంట్లోనే, మా వెనక వీధిలో.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా బొబ్బిలిలో వక్తృత్వ పోటీలు పెట్టారు. అంశం, దేశాభివృద్ధిలో యువత పాత్ర. మా స్కూలు నుంచి ఎవరో ఒకరు వెళ్ళాలి. తెలుగు మాస్టారు బదిలీ అయిపోయారు, కొత్తాయన ఇంకా రాలేదు. అందుకని సైన్సు మాస్టారే (ఆయన చొక్కాకు ఎప్పుడూ ఏదో ఒక కన్నం ఉండేది కాబట్టి మేం యాసిడ్ మాస్టారు అనేవాళ్ళం) ఒక గైడు చూసి రెండు పేజీలు రాసిచ్చి, బట్టీ పట్టమన్నారు. క్లాసులో ఎక్కువ వాగేదాన్ని నేనే గనక శిక్ష వేసినట్టు నన్ను ఎంపిక చేశారు. ఆ కాగితాలు పట్టుకెళ్ళి తాతకు చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విని, దీన్లో దండాలేవని అడిగాడు. దండాల్లేవు తాతా, ఇది ప్రసంగం అన్నాను.

"ఎవులికీ దండం ఎట్టకుండా మాటాడితే అది పెసంగం కాదే గుంటా, తగువు" అన్నాడు తాత (గుంట అంటే మా వైపు ఆడపిల్ల).

అక్కడితో నా చదువు మారిపోయింది. జముకుల కథ ఎత్తుకునే ముందు దండాలు పెట్టాలి. ముందు గణపతికి, తరవాత అమ్మవారికి, ఊరి తల్లికి, నిలబడ్డ నేలకి, వాయిద్యానికి, చాప పరిచినవాడికి, దీపం పట్టుకున్నవాడికి, ఊరి పెద్దలకి, అందరికీ పెట్టి, ఆఖర్న గురువుకి. గురువు పేరు చెప్పాక కథలోకి దిగాలి. తాత ఏ ఊళ్ళో కథ చెప్పినా తన గురువు పేరు, ఆయన ఇంటిపేరు, ఆయన ఊరు చెప్పకుండా మొదలుపెట్టలేదట. పది రోజులు సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టి ఆ వరస నేర్పించాడు. పెట్రోమాక్సు లైటు పట్టేవాడి దండం దగ్గర మాత్రం మాకు తగువొచ్చింది. ఇప్పుడు కరెంటుంది గదా అన్నాను నేను. అయితే కరెంటోడికెట్టు అన్నాడు. వాయిద్యం లేదు గదా అంటే, మైకుంటాది గదా, మైకు తల్లికి ఎట్టు అన్నాడు. ఇంతా అయ్యి గురువు దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. నాకేసి చూడలేదు.

"అక్కడ నీకు ఎవులు నేర్పినారో ఆల పేరు సెప్పుకో" అన్నాడు.

నువ్వే గదా తాతా నేర్పింది, నీ పేరే చెబుతాను అన్నాను. తాత జముకు అందుకుని, బిగించి ఉన్న నరాన్నే చాలాసేపు మళ్ళీ బిగించాడు. పెద్దమ్మ తరవాత నాతో చెప్పింది, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు లేరు కాబట్టి ఆయన పేరు గురువు చోట ఎవరూ చెప్పలేదని, ఆ మాట ఒక్కటి వినాలని ముసలాడికి మా చెడ్డ కోరికని. పోటీ రోజున ఉతికిన పంచె కట్టి, కండువా వేసి, పెట్టెలోంచి వెండి కడియం తీసి చేతికి తొడుక్కుని నాతోపాటు బస్సెక్కాడు. యాసిడ్ మాస్టారు ఆయన్ని చూసి, పెళ్ళికేమైనా వెళ్తున్నారా అని అడిగారు కూడా.

బొబ్బిలిలో ఆ హాలు నిండా పిల్లలే. తాత మొదటి వరసలో మధ్య కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. అది ముఖ్య అతిథి కుర్చీ అని ఎవరో లేపితే, పక్క కుర్చీలోకి జరిగాడు తప్ప వెనక్కి మాత్రం వెళ్ళలేదు. పోటీ మొదలుపెట్టే ముందు ఒక మాస్టారు మైకులో నియమాలు చదివారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. రెండున్నర నిమిషాలకు మొదటి గంట కొడతారు, అది హెచ్చరిక మాత్రమే. మూడు నిమిషాలకు రెండో గంట, అప్పుడు ఆపెయ్యాలి. నాకంటే ముందు మాట్లాడిన అమ్మాయి ఇస్త్రీ చేసిన జడ వేసుకొచ్చినట్టుంది, ఒక్క వెంట్రుక కదలకుండా మూడు నిమిషాలూ మాట్లాడి, రెండో గంటకు సరిగ్గా జైహింద్ అని దిగింది. తరవాత నన్ను పిలిచారు.

ఇక చూడండి నా ప్రతాపం. చేతులు జోడించి గణపతితో మొదలుపెట్టాను. నోటితోపాటు కాళ్ళు కూడా నేర్చేసుకున్నాయి కాబట్టి, ముందుకు రెండడుగులు, వెనక్కి రెండడుగులు. మైకు మాత్రం ఉన్నచోటే ఉంది. దాంతో అమ్మవారు వినబడితే ఊరి తల్లి వినబడలేదు, నేల తల్లి వినబడితే చాప పరిచినవాడు వినబడలేదు. ముందు వరసల్లో కిసుక్కుమన్నారు. మైకు తల్లికి దండం అన్నప్పుడు హాలు హాలంతా ఘొల్లుమంది. కరెంటు ఇచ్చే అయ్యకు దండం అనేసరికి, ఎక్కడినుంచో ఒకడు, బిల్లు కట్టీసినావేటి అని అరిచాడు. నాకు చెమటలు పట్టాయి, కాళ్ళు మాత్రం ఆగలేదు. బొబ్బిలి పెద్దలకు దండం పెడుతుండగా మొదటి గంట మోగింది. దేశాభివృద్ధి సంగతి దేవుడెరుగు, నేనింకా దేశంలోకే అడుగుపెట్టలేదు.

తరగతుల్లో ఇక్కడిదాకా చెప్పి, "అంతే, గంట కొట్టేశారు, దిగిపోయాను. చూశారా, అందుకే సమయపాలన ముఖ్యం" అంటాను. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. కానీ జరిగింది అది కాదు. గంట నన్నేమీ దించలేదు. ఇంకా అర నిమిషం ఉంది. పెద్దల దండం అయిపోయింది, మిగిలింది గురువు దండం ఒక్కటే. చెబితే నాలుగు క్షణాల పని. నేను తాతకేసి చూశాను. ఆయన కండువా సర్దుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. గురువు పేరు చెప్పినప్పుడు గురువు లేచి అందరికీ నమస్కారం పెట్టాలి, అది పద్ధతి. ఆయన పక్కనే కూర్చున్న ఇస్త్రీ జడ అమ్మాయి ఆయన్ని పైకీ కిందకీ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను గనక ఆ పేరు చెబితే ఈ ముసలాయన లేస్తాడు, ఆయన నా మనిషని అందరికీ తెలుస్తుంది, ఇంకా నవ్వుతారు. ఇదే నా బుర్రలో తిరిగింది. సిగ్గేసింది. మా తాతను చూసి నాకు సిగ్గేసింది. ధన్యవాదాలు అనేసి మెట్లు దిగిపోయాను. తాత ఆ సగం లేచినవాడు, పంచె కుచ్చెళ్ళు సవరించుకోవడానికే లేచినట్టు వాటిని అటూ ఇటూ సవరించి, మెల్లిగా కూర్చున్నాడు.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. చాలాదూరం వచ్చాక తాతే మాట్లాడాడు.

"గంట కొట్టీసినారు గదే. నువ్వేటి సేస్తావు, ఆల గంట ఆలది."

నాకు ప్రాణం లేచొచ్చింది. అవును తాతా, గంట కొట్టేశారు అన్నాను. బతికిపోయాను అనుకున్నాను. ఇంటికొచ్చాక అందరి ముందూ ఆ మాటే చెప్పాను. అమ్మ నవ్వితే ఇంకొంచెం అభినయం కలిపాను. తాత అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆ తరవాత ఎవరు ఇంటికొచ్చినా, "ఒసే, ఆ గంట కత ఓపాలి సెప్పే" అనేవాడు. నేను చెప్పేదాన్ని, చెప్పిన ప్రతిసారీ కొత్తగా ఏదో ఒకటి కలిపేదాన్ని. చెబుతూ చెబుతూ నలుగురి ముందు బెరుకు పోయింది. మరుసటి ఏడు అదే పోటీలో గైడులో ముక్కలే గడగడా అప్పజెప్పి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. మొదట్లోనే నా గురువుగారైన సైన్సు మాస్టారికి నమస్కారం అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకు సిగ్గూ వెయ్యలేదు. అప్పటికి తాత పోయి నాలుగు నెలలైంది.

కిందటేడు శ్రీకాకుళంలో తరగతులు ముగించుకుని, కళింగపట్నంలో కొడుకు దగ్గరుంటున్న పెద్దమ్మను చూడటానికి వెళ్ళాను. మంచం మీద ఉంది. కాస్త నవ్విద్దామని గంట కథ ఎత్తుకున్నాను. గంట కొట్టేశారు అనే చోటికి వచ్చేసరికి, ఇక చాలన్నట్టు చెయ్యి ఊపింది.

"మీ తాతకి తెలుసే. బస్సు దిగొచ్చి నాతో అన్నాడు. మొదటి గంటకి ఆపక్కర్లేదని మైకులో సెప్పినారు, నాను యిన్నాను, గుంటకి సిగ్గేసినాది అన్నాడు. సిగ్గేసినట్టు నాకు తెలిసిపోనాదని దానికి తెలిస్తే, మరి జల్మలో నోరిప్పదు, అందుకే గంట మీదెట్టీసినాను, మీరూ అలగే అనండి అన్నాడు. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. నాను పోతే మరి సెప్పీవోలుండరని సెప్తన్నాను."

నేను ఎవరిని మోసం చేసి బతికిపోయాననుకున్నానో, ఆయనే కూర్చుని ఆ అబద్ధం తయారుచేసి నా చేతిలో పెట్టాడు. తన పేరు పోతే పోయింది, నా నోరు మూతపడకూడదనుకున్నాడు. వచ్చినవాళ్ళందరి ముందూ నాచేత ఆ కథ చెప్పించింది నవ్వుకోవడానికి కాదు, నాకు మాట నిలబడాలని. యువతను మాట్లాడించడం ఎలా అని నేను వందల మందికి పాఠాలు చెప్పాను. పిల్లని మాట్లాడించడమంటే ఏమిటో ఆ బస్సులో ఎరిగినవాడు ఆయనొక్కడే. పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. "ఊరుకోయే, ఇప్పుడేటి" అని ఆవిడే నా వీపు రాసింది.

మొన్న వేసవిలో శృంగవరపుకోటలో మళ్ళీ పిలిచారు. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. ఏం చెప్పాలో తోచక గంట కథే మొదలుపెట్టాను. మైకు తల్లి దగ్గర ఎప్పటిలాగే నవ్వారు. గంట దగ్గరికొచ్చాక, పిల్లలూ, ఇంకా అర నిమిషం ఉంది, నేను సిగ్గుపడి దిగిపోయాను అని చెప్పి, చేతులు జోడించి ఆ మిగిలిన దండం పెట్టాను. తాత పేరు, ఇంటిపేరు, ఊరు, మూడూ చెప్పాను (ఇక్కడ రాయను, అది నలుగురిలో నోటితో చెప్పాల్సింది). నవ్వాలో వద్దో తెలియక కొందరు పిల్లలు చప్పట్లు కొట్టారు.

అయిపోయాక సాలూరు వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల, రెండు జడల పిల్ల, నోట్‌బుక్కు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. చాలా సీరియస్‌గా మొహం పెట్టి, "మేడమ్, నాకూ ఆ దండాలు నేర్సుకోవాలనున్నాది. మీ తాతగారు రేపొస్తారేటి?" అని అడిగింది.

ఊరూరా తిరిగి మాట్లాడటం నేర్పే నేను మొహం అటు తిప్పుకుని, ఎప్పుడూ సర్దని చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ నిలబడ్డాను. ఇంత నోరున్నదానివి, ఏమైపోయావే అని నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. తరవాత ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, గణపతి దగ్గర్నుంచి మొదలుపెట్టాను.