నాలుగో నంబరు సంచి

మడతలక్కకి బొద్దింకంటే భయం, ఉరుమంటే భయం, మొగుడు వ్యాను వెనక్కి తీస్తుంటే భయం. ఆస్పత్రి అంటే మాత్రం ఏనాడూ భయపడి ఎరగదు. ఎందుకు భయపడుతుంది? ఈ పరాయి దేశం వచ్చిన పదకొండేళ్ళుగా ఆవిడ తింటున్నది ఆస్పత్రి తిండే. అంత పెద్ద భవనానికి అడుగున, కిటికీలు లేని గదిలో, ఉతికిన దుప్పట్లు మడతపెట్టడం ఆవిడ ఉద్యోగం. మూలలు కలిపి, ఒక్క విదిలింపు విదిలించి, పొట్టకి ఆనించుకుని మడిచిందంటే ఇస్త్రీ పెట్టె ఎందుకూ పనికిరాదు. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంది, దాన్ని అక్కడే ఉండనిద్దాం.

పేరు పెట్టిన మహానుభావుడు మిషన్ బాబాయ్. బాబాయ్ అంటే చుట్టరికం ఏమీ లేదు. మన మాట మాట్లాడే పెద్దవాడు, ఆ దేశంలో అంతకంటే చుట్టరికం ఏం కావాలి? ఆయనది గోడకి అవతలి పక్క. మాసిన బట్టలు అటు నుంచి మిషన్లలోకి వెళ్ళి, ఉతికినవి ఇటు పక్కకి వస్తాయి. మధ్య గోడలో చిన్న కిటికీ. ఆపరేషన్ గదుల నుంచి సంచులు దిగగానే బాబాయ్ ఒక్కొక్కటీ కాటా మీద పెట్టి, ఏ గది సంచి ఎంత తూగిందో కిటికీలోంచి కేక వేస్తాడు. మడతలక్క బోర్డు మీద రాస్తుంది. మిషన్లో ఇంత బరువే వేయాలని లెక్క ఉంటుంది మరి.

ఒకటో గది ఆరు కిలోలు, రెండోది ఏడు, మూడోది ఆరున్నర. నాలుగో గది సంచి దగ్గరికి వచ్చేసరికి బాబాయ్ నడుం పట్టుకుని మూలిగేవాడు. "పద్నాలుగు. ఈ మహాతల్లి మనుషుల్ని కోస్తోందా, చెరువుకి గండి కొడుతోందా?" అనేవాడు. ఇవతల మడతలక్క పడీ పడీ నవ్వేది. నాలుగో గదిలో ఆపరేషన్లు చేసే డాక్టరమ్మకి కసాయమ్మ అని పేరు పెట్టింది సాక్షాత్తూ ఈవిడే. ఆ డాక్టరమ్మని వీళ్ళిద్దరూ కంటితో చూసిన పాపాన పోలేదు. ఇన్నేళ్ళూ సంచి బరువుని బట్టే ఆవిడ జాతకం చెప్పేశారు.

ఇలా ఉండగా మడతలక్కకి కుడి పక్క నడుములో సలుపు మొదలైంది. రోజుకి ఎనిమిది గంటలు నిలబడే మనిషికి నడుం నొప్పి వింతా అని మూడు నెలలు పట్టించుకోలేదు. తీరా పైకి వెళ్ళి స్కాను తీయించుకుంటే, కుడి మూత్రపిండం మీద గడ్డ ఉందన్నారు. తీసేయాలి, తొందరగా తీసేయాలి అన్నారు. స్కాను చూసిన డాక్టరు మాత్రం ఎంతో మర్యాదగా నవ్వి, కంగారు పడకండి, తీసేస్తే అయిపోతుంది అని కాగితం చేతిలో పెట్టాడు. కాగితం మీద తేదీ ఉంది. పన్నెండు రోజుల తర్వాత మంగళవారం. దాని కింద ఆపరేషన్ గది నంబరు ఉంది. నాలుగు.

ఆ అంకె చూసేసరికి మడతలక్క పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కన నిలబడ్డ మొగుడు, పాపం, గడ్డ మాట విని భయపడింది అనుకున్నాడు. ఆయన రొట్టెల కంపెనీలో వ్యాను తోలతాడు. సంచుల సంగతి ఆయనకేం తెలుసు? చెబుదామంటే ఈవిడకి నోరు రాలేదు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే ఒకటే మాట అంది.

"మన దేశం వెళ్ళిపోదామండీ. అక్కడే చేయించుకుంటాను."

ఆయన కాదనలేదు, అవుననలేదు. ఇక్కడైతే ఉద్యోగం వల్ల ఖర్చంతా ఆస్పత్రే భరిస్తుంది, అన్నీ చూసినవాళ్ళు కళ్ళ ముందున్నారు, అక్కడ మళ్ళీ అ ఆల నుంచి మొదలుపెట్టాలి అని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆవిడ వింటే కదా.

"ఇక్కడ నొప్పికి ఒకటే మాటండీ. నాది సలుపో, పోటో, గుంజుడో, మంటో ఎవరికని చెప్పను? మత్తులోంచి లేచి మన మాటలో ఏడిస్తే ఒక్కళ్ళకైనా అర్థమవుతుందా?"

అది సాకు కాదు, ఆ భయమూ నిజమే. రెండు భయాలున్నప్పుడు మనిషి పైకి చెప్పుకోగలిగిందే చెప్పుకుంటుంది.

చెల్లెలికి ఫోను చేస్తే ఆవిడ ఇంకా తొందరపెట్టింది. చెల్లెలు మన దేశంలోనే బళ్ళో పాఠాలు చెబుతుంది. అప్పటికే అక్కడ ఒక డాక్టరుతో మాట్లాడేసింది. ఏమీ కాదట, గంటలో అయిపోతుందట, మూడో రోజుకి నడిపించేస్తారట. వాకిటి గదిలో మంచం వేయించాను, కిటికీకి కొత్త కర్టెన్ కూడా కట్టాను, వచ్చేయక్కా అంది. ఆ డాక్టరు స్కాను చూశాడా అని మొగుడు పక్కనుంచి అడిగితే, వివరంగా చెప్పానుగా బావా అంది. ఆయన మర్నాడే వెళ్ళి రెండు టికెట్లు ఆపి ఉంచమని చెప్పి వచ్చాడు. వచ్చే శుక్రవారం లోపు ఏదో ఒకటి తేల్చాలి.

సోమవారం పనిలో బాబాయ్ ఎప్పటిలాగే కేక వేశాడు. "నాలుగు. పదహారు కిలోలమ్మాయ్, మీ కసాయమ్మ ఇవాళ మాంచి ఊపు మీదుంది." మడతలక్క చేతిలోని చాక్‌పీసు కింద పడి రెండు ముక్కలైంది. నవ్వు వినపడకపోయేసరికి బాబాయ్ కిటికీలోంచి తొంగి చూశాడు. ఆవిడ ఏడుస్తోంది. సంగతి విని ఆ ముసలాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కాసేపు గింజుకుని, "ఆ కాటా పాడైపోయిందమ్మాయ్, ఎప్పట్నుంచో ఎక్కువే చూపిస్తోంది" అన్నాడు. మిగతా మూడు గదులకీ అదే కాటా అని ఇద్దరికీ తెలుసు.

గురువారం నాటికి మడతలక్కకి తిండి సయించడం మానేసింది. ఆ సంచి లోపలేముందో చూడకుండా ఉండలేననిపించి, పదకొండేళ్ళలో మొదటిసారి గోడకి అవతలి పక్కకి వెళ్ళింది. బాబాయ్ వద్దమ్మా వద్దమ్మా అంటున్నా గ్లవ్స్ తొడుక్కుని నాలుగో నంబరు సంచి మూతి విప్పింది. నీళ్ళతో తడిసి బరువెక్కిందేమోనని లోపల ఎక్కడో చిన్న ఆశ. నీళ్ళు కాదు. తను మడిచి పంపిన దుప్పట్లే, మూలల దాకా ఎర్రగా ఉన్నాయి. అక్కడే నేల మీద కూలబడింది. బాబాయ్ గబగబా సంచి మూతి కట్టేసి మంచినీళ్ళు తెచ్చాడు. ఆవిడ తాగలేదు. లేచి, పని కోటు విప్పకుండానే తిన్నగా పైకి వెళ్ళి, నాలుగో గది డాక్టరమ్మ ఎక్కడుంటుందో అడిగి కనుక్కుంది.

కసాయమ్మ బల్ల దగ్గర కూర్చుని డబ్బాలోని అన్నం తింటోంది. పొట్టి మనిషి, పెద్ద కళ్ళజోడు, బళ్ళో లెక్కల టీచరులా ఉంది. మడతలక్క లిఫ్టులో వల్లె వేసుకున్న ముక్కల్ని ఆ దేశపు మాటలో గడగడా అప్పజెప్పింది.

"నేను కింద దుప్పట్లు మడుస్తాను. వచ్చే మంగళవారం మీ గదికి వస్తాను. సోమవారం మీ సంచి పదహారు కిలోలు. మీ సంచులు అందరికంటే ఎందుకంత బరువు?"

డాక్టరమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెంచా కింద పెట్టింది. కోప్పడుతుందనుకుంటే కోప్పడలేదు. ఈ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు అని, కుర్చీ చూపించి, చిన్న చిన్న మాటల్లో చెప్పింది. మిగతా మూడు గదుల్లో చేయలేమన్న రోగుల్ని నా దగ్గరికి పంపిస్తారు, అందుకే బరువు అంది. సోమవారం పదహారు కిలోల సంచి తాలూకు మనిషి ఇవాళ పొద్దున లేచి కూర్చుని సూప్‌లో ఉప్పు లేదని నర్సుతో గొడవ పెట్టుకున్నాడట.

మడతలక్కకి గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఎంతసేపు? ఊపిరి ఒకసారి పీల్చి వదిలినంతసేపు. ఆ వెంటనే అసలు సంగతి వెలిగింది.

"అయితే నన్ను మీ దగ్గరికెందుకు పంపారు?"

డాక్టరమ్మ కంప్యూటరు ఇటు తిప్పి చూపించింది. గడ్డ మూత్రపిండం దగ్గర ఆగలేదు, పక్కనున్న పెద్ద రక్తనాళంలోకి పాకింది. దాన్ని తెరిచి, తీసి, మళ్ళీ కుట్టాలి.

"నా సంచీ బరువేనా?"

"బరువే. తక్కువ ఉంటుందని చెబితే అబద్ధమవుతుంది."

మా దేశం వెళితే అని మడతలక్క అడిగింది. వెళ్ళొచ్చు, అక్కడా చేయగలిగినవాళ్ళున్నారు అంది డాక్టరమ్మ. కాకపోతే ఆలస్యం మంచిది కాదు, విమానంలో అన్నేసి గంటలు కూర్చోవడం ఇంకా మంచిది కాదు. వెళ్ళినా సరే, ఈ బొమ్మలు చూడకుండా ఏమీ కాదన్నవాళ్ళకి మాత్రం ఒళ్ళు అప్పగించకండి అంది.

సాయంత్రం మొగుడికి మొదట్నుంచీ చివరిదాకా చెప్పేసింది, కసాయమ్మ అని తను పెట్టిన పేరుతో సహా. ఆయన మంచం అంచున కూర్చుని భోరుమన్నాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన ఏడవగా ఆవిడ చూడటం అదే మొదలు. ఏడ్చి, మొహం కడుక్కుని, కాగితం తీశాడు. సలుపు, పోటు, గుంజుడు, మంట అని వరసగా రాసి, ఒక్కోదానికీ ఎదురుగా ఆ దేశపు మాట రాయడానికి తంటాలు పడ్డాడు. ఫోను చేసి చెల్లెలికీ అంతా చెప్పింది. అది విని ఆవిడ, నువ్వు కళ్ళు తెరిచేటప్పటికి ఫోను చెవి దగ్గర పెట్టమని బావకి చెప్పక్కా, నువ్వు మన మాటలోనే ఏడువు, నేను వింటా అంది. శుక్రవారం టికెట్లు వదిలేశారు. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. శనివారం ఆవిడ మడిచిన దుప్పట్లలో నాలుగింటికి మూలలు కలవలేదు, విప్పి మళ్ళీ మడిచింది.

ఇంటికి బయల్దేరే ముందు గోడ కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, మంగళవారం నాలుగో నంబరు సంచి నాది."

బాబాయ్ తల ఎత్తలేదు. "ఆ రోజుకి నేను సెలవు పెట్టానమ్మాయ్. నా వల్ల కాదు."

"సెలవు మానుకో. ఎవరో తెలియనివాళ్ళు ఎత్తడం నాకిష్టం లేదు, నువ్వే ఎత్తు. బరువుంటే భయపడకు. బరువుంటుందని ఆవిడ ముందే చెప్పింది." మడతలక్క కిటికీలోకి వంగింది. "కేక మాత్రం వేయకు బాబాయ్. కాటా మీద నెమ్మదిగా పెట్టు."

బాబాయ్ సరేనని తలూపాడు.